ఆఫీసు బిల్డింగ్ డిజైన్: ముందు కాలమ్ ఎక్కడో తేల్చండి, అద్దాలు తర్వాత చూద్దాం

ఆఫీసు బిల్డింగ్ కట్టాలనుకున్న ఓనరు మొదటి మీటింగ్‌కి ఫోన్‌లో ఒక ఫొటో పట్టుకొస్తాడు. నీలం అద్దాలు, ముందు ఫౌంటెన్, మూలన వంపు తిరిగిన గోడ. ఆర్కిటెక్ట్ దాన్ని చూసి ఎలివేషన్, అంటే బయటికి కనిపించే ముఖం బొమ్మ, గీస్తాడు. అందరికీ నచ్చాక ఆ డ్రాయింగ్ స్ట్రక్చరల్ ఇంజనీరు దగ్గరికొస్తుంది. "ఇందులో కాలమ్స్ ఎక్కడో పెట్టేయండి సార్" అంటారు. ఇరవై ఏళ్లుగా ఆ "ఎక్కడో" అన్న మాటతోనే నాకు తలనొప్పి. సెల్లార్‌లో కారు తిరగకపోవడం, ఫాల్స్ సీలింగ్ తలకు తగలడం, డక్ట్ (ఏసీ గాలి గొట్టం) కోసం బీమ్‌కు కన్నం కొట్టడం, అన్నీ అక్కడే మొదలవుతాయి.

అందుకే ఈ గైడ్‌లో ఆర్కిటెక్చర్‌ని, స్ట్రక్చర్‌ని విడదీయకుండా, పని జరగాల్సిన వరసలో చెబుతాను. చేతిలో ఒక ఉదాహరణ ఉంటే లెక్కలు అర్థమవుతాయి. హైదరాబాద్ పడమటి వైపు 56 మీటర్లు పొడవు, 40 మీటర్లు వెడల్పు ఉన్న స్థలం అనుకుందాం, సుమారు 2,680 గజాలు. ఒక సెల్లార్, గ్రౌండ్, పైన ఐదు ఫ్లోర్లు. ఇక్కడ వచ్చే అంకెలు మొదటి అంచనాకు మాత్రమే. సంతకం పెట్టే ఇంజనీరు పూర్తి ఎనాలిసిస్ చేయాల్సిందే.

1. స్థలాన్ని చదవడం

హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) పరిమితి లేదని అందరికీ తెలుసు. దాన్ని విని "ఎంతైనా కట్టొచ్చు" అనుకుంటారు. ముందున్న రోడ్డు వెడల్పు, ఎత్తును బట్టి చుట్టూ ఖాళీ వదలాల్సిన సెట్‌బ్యాక్, చూపించాల్సిన పార్కింగ్, ఈ మూడూ కలిసి పగ్గం వేస్తాయి. కాబట్టి ముందు రోడ్డు వెడల్పు కొలవండి. మాస్టర్ ప్లాన్‌లో రోడ్డు విస్తరణ ఉందా చూడండి. విస్తరణలో పోయేంత స్థలం పక్కన పెట్టి మిగిలిందే మీ ప్లాట్ అనుకోండి.

మన ఉదాహరణలో నాలుగు వైపులా 7 మీటర్లు వదిలాం. ఫైరింజన్ చుట్టూ తిరగాలి కదా. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం 15 మీటర్లకు చేరిన బిల్డింగ్ హైరైజ్ కిందే లెక్క. మనది 23 మీటర్లు దాటుతుంది. సెట్‌బ్యాక్ కింద సంపు కడితే దాని పైకప్పు కూడా ఫైరింజన్ బరువు మోయాలి. 45 టన్నుల బండికి డిజైన్ చేయమని కోడ్ చెబుతుంది. ఇది మర్చిపోయి తర్వాత సంపు చుట్టూ రెయిలింగ్ కట్టిన బిల్డింగ్‌లు నేను చూశాను.

తర్వాత సాయిల్ టెస్ట్. ఎకరం లోపు స్థలానికి నాలుగు మూలల్లో నాలుగు, మధ్యలో ఒకటి బోర్లు వేయడం పద్ధతి. "పక్క బిల్డింగ్‌కి రాయి తగిలింది, మనకీ తగులుతుంది" అని ఎవరన్నా నమ్మకండి. హైదరాబాద్ గ్రానైట్ మహా మాయలమారి. ఒక మూల మూడడుగుల్లో షీట్ రాక్ (పరుపులా పరచుకున్న రాయి), ఇంకో మూల ఇరవై అడుగుల దాకా మొరం. ఇంకా ప్రమాదం ఏమిటంటే, బోరుకు తగిలింది షీట్ రాక్ అనుకుంటే అది మట్టిలో కూరుకున్న పెద్ద గుండు కావచ్చు. అందుకే రాయి తగలగానే ఆపకుండా ఇంకో మూడు మీటర్లైనా లోపలికి వెళ్లి కోర్ శాంపిల్ తీయించండి.

2. లోపల ఎవరుంటారు, ఏం పెడతారు

ఆఫీసుకు తలా 10 చదరపు మీటర్ల చొప్పున జనాన్ని లెక్కేయమంటుంది కోడ్. మన ఫ్లోర్ 42 మీటర్లు పొడవు, 25.2 మీటర్లు వెడల్పు. అంటే 1,058 చదరపు మీటర్లు, సుమారు 11,400 చదరపుటడుగులు. లెక్క ప్రకారం ఫ్లోర్‌కి 106 మంది. నిజానికి కాల్ సెంటర్ వస్తే దానికి రెట్టింపు కూర్చోబెడతారు. మెట్లు, టాయిలెట్లు, లిఫ్టులు ఆ రెట్టింపుకి సరిపోయేలా చూసుకుంటేనే ఓనరుకి మంచి అద్దెదారు దొరుకుతాడు.

లోడు సంగతికొస్తే, బరువుల లెక్క చెప్పే కోడ్ ఐఎస్ 875 రెండో భాగంలో ఆఫీసుకు రెండు అంకెలున్నాయి. ఫైళ్లకు వేరే స్టోర్ రూమ్ ఉంటే చదరపు మీటరుకు 2.5 కిలోన్యూటన్లు, లేకపోతే 4. కిలోన్యూటన్ అంటే సుమారు వంద కిలోలు. కొందరు 2.5 తీసుకుని స్టీలు మిగిల్చామంటారు. అద్దెకిచ్చే బిల్డింగ్‌లో రేపు ఎవరొస్తారో, బీరువాలు ఎక్కడ పేరుస్తారో తెలియదు. నేనైతే ఎప్పుడూ 4 మీదే ఉంటాను. అది కాక, మార్చుకునే పార్టిషన్ల కోసం కనీసం 1 కలపాలి. ఫైళ్ల గదులకు 5. సర్వర్, యూపీఎస్ బ్యాటరీల గది అయితే చదరపు మీటరుకు టన్ను దాటడం మామూలే. ఆ గది ఏ ఫ్లోర్‌లో ఏ మూలన అన్నది డ్రాయింగ్‌లో ఇప్పుడే గుర్తు పెట్టాలి.

3. గ్రిడ్: అసలు పని ఇక్కడే

గ్రిడ్ అంటే కాలమ్స్ వరసల చట్రం. కాలమ్‌కీ కాలమ్‌కీ మధ్య దూరాన్ని ఆఫీసు ఫ్లోర్ నిర్ణయిస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి దాన్ని తేల్చేవి కార్లు.

ఒక కారుకు 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు ఇవ్వాలి. రెండు కాలమ్స్ మధ్య మూడు కార్లు పడితే 7.5 మీటర్ల ఖాళీ కావాలి. కాలమ్ మందం 600 మిల్లీమీటర్లు, కాస్త చేతులాడే జాగా, అన్నీ కలిపితే 8.4 మీటర్లు వస్తుంది. ఇటు రెండు బేలు (బే అంటే రెండు కాలమ్స్ మధ్య జాగా) కలిపితే 16.8. అందులో 5 మీటర్ల కారు, 6 మీటర్ల దారి, మళ్లీ 5 మీటర్ల కారు, మొత్తం 16 హాయిగా పడతాయి. అదే మీరు అందమని 7 మీటర్ల గ్రిడ్ పెడితే రెండు కార్లే పట్టి, ప్రతి బేలో మీటరున్నర వృథా. 10 మీటర్లు పెడితే మూడు కార్లు పోను రెండు మీటర్లు మిగిలి, బీమ్ మాత్రం లావెక్కుతుంది.

పైన ఫ్లోర్లలోనూ 8.4 బాగా కుదురుతుంది. 1.2 మీటర్ల టేబుళ్లు ఏడు వరసగా పడతాయి. అందుకే మన ఉదాహరణ పొడవున ఐదు బేలు, వెడల్పున మూడు బేలు.

మూడు బేలే ఎందుకు? కిటికీ వెలుతురు దాని పై అంచు ఎత్తుకు రెండు, రెండున్నర రెట్ల దూరమే లోపలికొస్తుంది. సీలింగ్ 2.7 మీటర్లయితే 5.4 మీటర్లు, మహా అయితే 6.75. ఉత్తరం వైపు ఒక బే, దక్షిణం వైపు ఒక బే మనుషులు కూర్చోవడానికి, మధ్య బే లిఫ్టులకు, మీటింగ్ రూములకు. వెలుతురు అక్కర్లేనివన్నీ మధ్యలోకి పోయాయి. ఐదు బేల వెడల్పు పెట్టి ఉంటే మధ్యలో కూర్చున్నవాళ్లకు మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబ్‌లైటే గతి. పెద్ద ఫ్లోర్ తప్పనిసరైతే మధ్యలో ముంగిలిలా ఖాళీ వదలాలి. 1998లో మొదలైన మాదాపూర్ సైబర్ టవర్స్‌ను గుండ్రంగా, నడుమ ఖాళీ వదిలి కట్టడంలో ఉన్న లాభం ఇదే. మన పాత మండువా ఇళ్లలోనూ ఇదే కిటుకు.

ఇక ర్యాంపు. సెల్లార్ 3.6 మీటర్ల లోతైతే, ఎనిమిదికి ఒకటి వాలులో దాదాపు 29 మీటర్ల పొడవు ర్యాంపు కావాలి. దాన్ని ప్లాన్ మీద ముందే పరచండి. ఓ బిల్డింగ్‌లో గ్రిడ్ ఖాయమయ్యాక ర్యాంపు గుర్తొచ్చింది. సరిగ్గా దాని నడిబొడ్డున కాలమ్. ఆ ఒక్క కాలమ్‌ని కింద తీసేయడానికి గ్రౌండ్ ఫ్లోర్‌లో మీటరున్నర లోతు ట్రాన్స్‌ఫర్ బీమ్ (పై కాలమ్ బరువును పక్క కాలమ్స్‌కి మళ్లించేది) వేయాల్సొచ్చింది. ఆ బీమ్ ఖర్చుతో ఓనరు ఒక లిఫ్టు కొనేవాడు. ఆ డ్రాయింగ్ మీద నా సంతకమూ ఉంది కాబట్టి ఎవరినీ అనలేను.

4. లిఫ్టులు, మెట్లు, టాయిలెట్లు

మెట్ల లెక్క సులువు. మనిషికి 10 మిల్లీమీటర్ల వెడల్పు. 106 మందికి మీటరు పైచిలుకు చాలు. కానీ ఆఫీసులో ఏ మెట్లయినా కనీసం 1.5 మీటర్లు ఉండాలి, అలాంటివి రెండు ఉండాలి. మొత్తం 3 మీటర్లు, అంటే ఫ్లోర్‌లో 300 మంది ఉన్నా దిగిపోగలరు. వెడల్పుతో సమస్య లేదు. సమస్యంతా రెండు మెట్లనూ లిఫ్టు పక్కనే, ఒకదాన్నొకటి ఆనించి పెట్టడంతో. పొగొస్తే రెండూ ఒకేసారి నిండుతాయి. ఏ సీటు నుంచైనా 30 మీటర్ల నడకలో ఒక మెట్ల దారి అందాలి. కాబట్టి ఒకటి తూర్పు చివర, ఒకటి పడమర చివర పెట్టండి.

పడమర అన్నందుకు ఇంకో కారణం ఉంది. మన ఊళ్లలో సాయంత్రం ఎండ పడమటి గోడను కాల్చేస్తుంది. మెట్లు, టాయిలెట్లు, ఏసీ యంత్రాల గది ఆ వైపు పెడితే అవే గొడుగు. ఆర్కిటెక్ట్‌కి ఇది చాలా ఇష్టం. స్ట్రక్చరల్ ఇంజనీరుకి మాత్రం టెన్షన్. గట్టి కాంక్రీట్ గోడలన్నీ ఒకే చివర ఉంటే, భూకంపంలో బిల్డింగ్ ఆ చివరను పట్టుకుని తలుపు తిరిగినట్టు తిరుగుతుంది. రాజీ ఇలా చేసుకోవచ్చు: పడమటి మెట్లకు, టాయిలెట్లకు తేలికైన బ్లాకు గోడలు కట్టి, భూకంపపు తోపును తట్టుకునే కాంక్రీట్ గోడలను (షియర్ గోడలు) మధ్య బేలో లిఫ్టుల చుట్టూ ఉంచడం. పడమటి చివర కాంక్రీట్ గోడ తప్పకపోతే తూర్పు చివర కూడా దానికి జోడు గోడ వేయడం.

వాస్తు గురించి కూడా ఇక్కడే మాట్లాడేసుకోవాలి. నమ్మకం ఉందా లేదా అన్నది వేరే సంగతి, స్లాబ్ పడ్డాక "ఈశాన్యంలో టాయిలెట్టా!" అనే మాట రాకూడదు. సంపు ఈశాన్యం, ఓవర్‌హెడ్ ట్యాంక్ నైరుతి అంటారు. మంచిదే, కానీ 50,000 లీటర్ల ట్యాంక్ అంటే నీళ్లే 50 టన్నులు. ఆ మూలనున్న కాలమ్స్‌కి, ఫుటింగులకి ఈ సంగతి మొదటి రోజే తెలియాలి.

5. ఫ్లోర్ ఎత్తు

కింది ఫ్లోర్ నుంచి పై ఫ్లోర్‌కి 3.9 మీటర్లు పెట్టాం. స్లాబ్‌తో కలిపి బీమ్‌కు 600 మిల్లీమీటర్లు, డక్ట్‌కు 450, లైట్లకు, స్ప్రింక్లర్ పైపులకు, సీలింగ్‌కు 150, మనిషికి 2,700. ఇందులో ఎక్కడా గాలి లేదు. ఫ్లోరింగ్ మందం పెరిగినా, డ్రెయిన్ పైపు వాలు తప్పినా మనిషి వాటాలోంచే పోతుంది.

పోస్ట్ టెన్షన్డ్ స్లాబ్ వేస్తే బీమ్‌లు దాదాపు పోతాయి, ఫ్లోర్‌కి 300 మిల్లీమీటర్లు మిగలొచ్చు. ఆరు ఫ్లోర్లకు 1.8 మీటర్లు, అంటే దాదాపు సగం ఫ్లోర్. హైదరాబాద్ ఐటీ బిల్డింగ్‌ల్లో ఇది ఎక్కువగా కనిపించడానికి కారణమిదే. కానీ ఆ స్లాబ్ లోపల బిగించి లాగిన కేబుళ్లుంటాయి. రేపు అద్దెకొచ్చినవాడు పైపు కోసం కోర్ కటింగ్ చేసి ఒక కేబుల్ తెంపితే అంతే సంగతులు. మెయింటెనెన్స్ మీద పట్టున్న ఓనరుకైతే సరే. లేకపోతే మామూలు బీమ్, స్లాబ్ పద్ధతే మేలని నా అభిప్రాయం. మన ఉదాహరణలో అదే తీసుకున్నాం.

6. బీమ్, స్లాబ్, కాలమ్ మొదటి సైజులు

బీమ్ లోతు: 8.4 మీటర్లను 14తో భాగిస్తే 600. ప్రతి బే మధ్యలో ఒక సెకండరీ బీమ్ వేస్తే స్లాబ్ 4.2 మీటర్లకు తగ్గి 150 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది.

కాలమ్ సైజు ఇలా పట్టుకోవాలి. చదరపు మీటరుకు స్లాబ్ 3.75, బీమ్‌లు సుమారు 2, ఫ్లోరింగ్ 1.2, సీలింగ్, పైపులు 0.5, పార్టిషన్లు 1, మనుషులు, సామాను 4. మొత్తం 12.5 కిలోన్యూటన్లు అనుకోండి. లోపలి కాలమ్ ఒక్కోటి 8.4 × 8.4, అంటే 70.56 చదరపు మీటర్లు మోస్తుంది. ఒక స్లాబ్‌కి సుమారు 880. సెల్లార్ పైకప్పు నుంచి టెర్రస్ దాకా ఏడు స్లాబులు, 6,170 కిలోన్యూటన్లు. భద్రత కోసం దాన్ని 1.5తో హెచ్చిస్తే 9,260.

ఎం40 కాంక్రీట్, ఒకటిన్నర శాతం ఎఫ్ఈ 500 స్టీలు (ఇవి బలాన్ని చెప్పే గ్రేడులు) తీసుకుంటే కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456 సూత్రం ప్రకారం చదరపు మిల్లీమీటరుకు 20.8 న్యూటన్లు మోస్తుంది. భాగిస్తే 4.45 లక్షల చదరపు మిల్లీమీటర్లు. వంపు బలాల కోసం కాస్త మిగులుంచుకుని 600 × 850 పెట్టండి. ఆ 600 వైపు కార్ల వరస దిశలో, 850 వైపు కారు పొడవు దిశలో ఉండాలి. తిప్పి పెడితే మూడో కారు తలుపు తెరుచుకోదు.

పై ఫ్లోర్లకు వెళ్లేకొద్దీ కాలమ్ తగ్గించొచ్చు. అయితే ప్రతి ఫ్లోర్‌కీ తగ్గిస్తే మేస్త్రీ ప్రతిసారీ కొత్త బాక్సు చేయాలి. మూడు ఫ్లోర్లకొకసారి చాలు.

7. పునాది

గట్టి మొరం మీద చదరపు మీటరుకు 400 కిలోన్యూటన్ల బేరింగ్ (నేల మోయగల బరువు) వచ్చిందనుకుందాం. 6,170కి ఫుటింగ్ బరువు పది శాతం కలిపి 400తో భాగిస్తే 17 చదరపు మీటర్లు. 4.2 మీటర్ల చదరపు ఫుటింగ్ చాలు.

ఇదే బిల్డింగ్‌ని బేరింగ్ 150 మాత్రమే ఉన్న నేల మీద కట్టాల్సొస్తే? ఒక్కో ఫుటింగ్‌కి 45 చదరపు మీటర్లు, అంటే 6.7 మీటర్లు కావాలి. 8.4 గ్రిడ్‌లో పక్క ఫుటింగ్‌కీ దీనికీ మధ్య 1.7 మీటర్లే మిగులుతుంది. అప్పుడు విడి ఫుటింగులు మానేసి రాఫ్ట్ (బిల్డింగ్ కింద అంతా ఒకే మందపాటి స్లాబ్) లేదా పైల్స్‌కి (లోతుగా దిగే స్తంభాలు) వెళ్లాలి. కృష్ణా డెల్టా నల్లరేగడిలో నీళ్లు పైకే ఉంటాయి, మట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. అక్కడ సెల్లార్ ఆశ పెట్టుకునే ముందు, ఖాళీ సెల్లార్‌ని నీళ్లు కింద నుంచి పడవలా ఎత్తకుండా ఎంత బరువు కావాలో లెక్కేయించండి.

8. గాలి, భూకంపం

భూకంపాల కోడ్ ఐఎస్ 1893, 2016 ముద్రణ పటంలో హైదరాబాద్ జోన్ 2, విజయవాడ జోన్ 3. జోన్ అంకె 0.10 నుంచి 0.16కి పెరుగుతుంది, అంటే అదే బిల్డింగ్‌కి భూకంప బలం 60 శాతం ఎక్కువ. మీరు డిజైన్ చేసే రోజుకి ఏ ముద్రణ అమల్లో ఉందో చూసుకోండి. 200 మందికి మించి ఉండే బిల్డింగ్ కాబట్టి ఇంపార్టెన్స్ ఫ్యాక్టర్ (ముఖ్యమైన బిల్డింగ్‌కి భూకంప బలాన్ని పెంచే గుణకం) 1.2 తీసుకోవాలి. గాలి వేగం హైదరాబాద్‌కి సెకనుకు 44 మీటర్లు, విశాఖకు 50. గాలి బలం వేగం వర్గంతో పెరుగుతుంది కనుక విశాఖలో దాదాపు 29 శాతం ఎక్కువ. విశాఖలో బీచ్‌కి దగ్గరైతే ఉప్పు గాలి కూడా ఉంది. ఎం30కి తగ్గకుండా, స్టీలు మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీట్ కవర్ ఉండాలి.

కింద గోడలు లేకుండా పార్కింగ్, పైన గోడలతో బిగిసిన ఫ్లోర్లు, ఇది ప్రమాదకరమైన కలయిక. 2001 జనవరి 26 భుజ్ భూకంపంలో, ఎంతో దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లోనూ ఇలాంటి స్టిల్ట్ బిల్డింగ్‌లు కూలాయి. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఎత్తైన లాబీ కోసం గోడలు తీసేస్తుంటే, లిఫ్టు చుట్టూ ఉన్న కాంక్రీట్ గోడలు పునాది దాకా తెగకుండా దిగాలి. కాలమ్స్, బీమ్‌ల స్టీలు చుట్టూ వేసే రింగుల కొసలు 135 డిగ్రీలు లోపలికి వంగాలి. హైదరాబాద్‌కి కోడ్ ఇది తప్పనిసరి చేయకపోయినా నేను రాయిస్తాను. దీనికయ్యే అదనపు ఖర్చు లాబీలో వేసే ఇటాలియన్ మార్బుల్‌లో ఓ మూలకు సరిపోదు.

9. ఇప్పుడు అద్దాల సంగతి

పొడుగు వైపులు ఉత్తర, దక్షిణాలు చూడాలి. హైదరాబాద్‌లో మార్చి చివర మధ్యాహ్నం సూర్యుడు 72 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 1.8 మీటర్ల కిటికీకి 600 మిల్లీమీటర్ల చజ్జా ఉంటే అప్పటి నుంచి సెప్టెంబరు దాకా దక్షిణపు మధ్యాహ్నపు ఎండ లోపలికి రాదు. డిసెంబరులో 49 డిగ్రీలకు దిగి కొంచెం లోపలికొస్తాడు, చలికాలం కదా, పర్వాలేదు. తూర్పు, పడమరల్లో ఎండ అడ్డంగా వస్తుంది. అక్కడ చజ్జా పనికిరాదు, నిలువు ఫిన్లు (పలకలు) కావాలి, లేదా అసలు అద్దమే వద్దు.

ఎనర్జీ కోడ్ ఈసీబీసీ 2017 ప్రకారం గోడలో అద్దం 40 శాతానికి మించకూడదు. మొత్తం గాజు డబ్బా కట్టి, తర్వాత లోపల బ్లైండ్లు దించేసి లైట్లేసుకునే ఆఫీసులు గచ్చిబౌలిలో ఏ మధ్యాహ్నమైనా కనిపిస్తాయి. కొండాపూర్‌లో సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ని ఒకసారి చూసి రండి. నడుమ గుండ్రటి ముంగిలి, జాలీ గోడలు, గాలి టవర్లు. 2003లో లీడ్ ప్లాటినం (పర్యావరణానికి మేలైన బిల్డింగ్‌లకిచ్చే రేటింగ్) అందుకున్న బిల్డింగ్ అది.

అద్దాల పని ఇచ్చేటప్పుడు ఒక్కటి మాత్రం కాంట్రాక్టులో రాయించండి. స్లాబ్ అంచుకీ అద్దానికీ మధ్య సందు ఉంటుంది. దాన్ని ఫైర్ స్టాప్‌తో మూయకపోతే మంట ఆ సందులోంచే పై ఫ్లోర్ ఎక్కుతుంది. బయటికి కనపడదు కాబట్టి ఎగ్గొట్టడం తేలిక.

10. డ్రాయింగుల మీద డ్రాయింగు, ఆ తర్వాత సైటు

స్లాబ్ డ్రాయింగ్ ఇచ్చేముందు ఏసీ, ప్లంబింగ్, కరెంటు, ఫైర్ వాళ్లందరినీ ఒక టేబుల్ చుట్టూ కూర్చోబెట్టి, అందరి గీతలు ఒకదాని మీద ఒకటి వేసి చూడండి. బీమ్ దాటే ప్రతి పైపుకి స్లీవ్ (పైపు దూరే గొట్టం) ముందే పెట్టాలి. అది బీమ్ లోతు మధ్య మూడో వంతులో, కాలమ్‌కి దూరంగా ఉండాలి. ఈ మీటింగ్ రెండు రోజులు పడుతుంది, బోర్ కొడుతుంది, టీలు చాలా అవుతాయి. చేయండి.

సైటులో నేను పట్టుబట్టేవి మూడు. కాంక్రీట్ వేసే ప్రతిరోజూ బలం పరీక్షకు క్యూబులు తీయాలి. కవర్ బ్లాకుల బదులు కంకర రాళ్లు పెట్టకూడదు. ఆరు మీటర్లు దాటిన బీమ్ కింద సపోర్టులు 21 రోజులు కదపకూడదు. మన బీమ్‌లన్నీ 8.4 మీటర్లే. "పై ఫ్లోర్‌కి సెంట్రింగ్ కావాలి సార్" అని పన్నెండో రోజున మేస్త్రీ వస్తాడు. అదనపు సెట్టు సెంట్రింగ్ ఖర్చు టెండర్‌లోనే పెట్టి ఉంటే ఈ గొడవ రాదు.

11. తాళాలు ఇచ్చేముందు

కట్టింది కట్టినట్టు చూపించే డ్రాయింగులు ఓనరు చేతికి రెండు సెట్లు ఇవ్వాలి. ప్రతి ఫ్లోర్‌లో ఎలక్ట్రికల్ గది తలుపు పక్కన ఒక పలక బిగించండి: ఈ ఫ్లోర్ చదరపు మీటరుకు 400 కిలోలు మోస్తుంది, బ్యాటరీలు ఫలానా గదిలోనే.

నేను చేసిన ఒక బిల్డింగ్‌లో ఆ పలక లేదు. నాలుగేళ్ల తర్వాత కొత్త అద్దెదారు ఐదో ఫ్లోర్‌లో యూపీఎస్ బ్యాటరీల ర్యాకులన్నీ స్లాబ్ నట్టనడుమ పేర్చాడు. కింది ఫ్లోర్‌లో సీలింగ్ టైల్స్ వంగుతున్నాయని ఫోన్ వస్తే వెళ్లాను. ర్యాకుల్ని ఒక్కొక్కటిగా బీమ్ మీదికి జరిపించేసరికి తెల్లారింది. మర్నాడే పలకలు రాయించాను, ఆరు ఫ్లోర్లకి ఆరు.